చెస్టటీకి పడమటి ఒడ్డు: లంప్‌కిన్ కౌంటీలో మా యాత్ర

గురువారం

జార్జియా రాష్ట్రపు ఉత్తర భాగంలో, అట్లాంటా నుంచి సుమారు 65 మైళ్ల దూరంలో, బ్లూ రిడ్జ్ పర్వతాల పాదాల దగ్గర మొదలై వాటి శిఖరాల దాకా పాకే చిన్న కౌంటీ లంప్‌కిన్. విస్తీర్ణం సుమారు 280 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 33 వేల పైచిలుకు మంది. పురపాలక హోదా ఉన్న ఊరు డాలొనేగా ఒక్కటే. దగ్గరలోనే ఉన్న ఫోర్సైత్ కౌంటీలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మా ఇల్లూ అక్కడే. శరదృతువులో ఆకులు రంగు మారే రోజుల్లో మావాళ్లందరూ లంప్‌కిన్ మీదుగానే కొండల్లోకి వెళ్లివస్తారు. అయితే ఈ రెండు కౌంటీలూ 1832 డిసెంబరు 3న ఒకే చట్టంతో పుట్టాయని, ఆ పుట్టుక వెనుక చెరోకీ అనే ఆదివాసీ జాతి తన నేలను కోల్పోయిన చరిత్ర ఉందని నాకు తెలిసింది మాత్రం ఇటీవలే. అనంతపురం జిల్లాలో సర్వేయరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా నాన్నగారు మా దగ్గరికి వచ్చిన సమయంలో, ఆ కౌంటీని తీరిగ్గా తిరిగి చూడాలని బయలుదేరాము.

ముందు కొండల మీదికే పోదామన్నది నాన్నగారి సలహా. ఊరి చరిత్ర తెలియాలంటే నీళ్లు ఎటు పారుతున్నాయో ముందు చూడాలని ఆయన నమ్మకం. డాలొనేగా దాటి ఉత్తరంగా వెళ్లే రోడ్డు రెండుగా చీలే చోట రాళ్ల కుప్ప ఒకటి కనిపిస్తుంది. ట్రాలైటా అనే చెరోకీ రాకుమారి సమాధి అని, దారిన పోయేవారు ఒక రాయి వేసి మొక్కుకుంటారని స్థానికంగా ఒక కథ ఉంది. అక్కడి నుంచి ఎడమ దారి పట్టి మలుపుల మీదుగా ఎక్కితే వుడీ గ్యాప్ అనే కనుమ వస్తుంది. దాని ఎత్తు 3,100 అడుగుల పైన. లంప్‌కిన్, యూనియన్ కౌంటీల సరిహద్దు ఈ కనుమ మీదుగానే పోతుంది. మెయిన్ రాష్ట్రం దాకా సాగే అపలాచియన్ కాలిబాట ఇక్కడే రోడ్డును దాటుతుంది. ఆ బాట దక్షిణపు కొస అయిన స్ప్రింగర్ పర్వతం ఇక్కడికి నడకదారిలో సుమారు 20 మైళ్లు. ఇదే వరుసలో తూర్పుగా, 4,458 అడుగుల ఎత్తున్న బ్లడ్ మౌంటెన్ కూడా ఈ రెండు కౌంటీల సరిహద్దు మీదనే నిలిచి ఉంది.

కనుమ దగ్గర దక్షిణం వైపు నిలబడి చూస్తే కౌంటీ అంతా ఒక వాలుగా, మడతలు మడతలుగా దిగిపోతూ కనిపిస్తుంది. మా వెనుక, ఉత్తరపు వాలు మీద పడిన వాన టకోవా నదిలో చేరి టెనసీ, ఒహాయో నదుల మీదుగా మిసిసిపీకి చేరుతుంది. మా ముందు పడిన వాన మళ్లీ రెండు పాయలవుతుంది. తూర్పు సగం చెస్టటీ నదిలోకి, అక్కడి నుంచి చట్టహూచీలోకి పోతుంది. పడమటి సగం ఈ కౌంటీలోనే పుట్టిన ఎటోవా నదిలోకి పోయి, రోమ్ అనే పట్టణం దగ్గర మరో నదితో కలిసి కూసాగా మారి, అలబామా రాష్ట్రం గుండా మొబీల్ అఖాతానికి చేరుతుంది. ఈ రెండు నదుల మధ్య ఉన్న మిట్టే కౌంటీకి వెన్నెముక. నైరుతి నుంచి ఈశాన్యానికి సాగే బంగారు శిలల పట్టీ ఆ మిట్టను అడ్డంగా కోస్తూ పోతుంది. అది ఈ కౌంటీలో మొదలైనది కాదు, ఇక్కడితో ఆగేదీ కాదు. అయినా పేరు మాత్రం డాలొనేగా పట్టీ అనే వచ్చింది.

ఈ ప్రాంతానికి హిమయుగపు మంచు పలకలు ఎన్నడూ చేరలేదు. అందుచేత కోట్ల సంవత్సరాల వాన, వేడిమి వల్ల శిల ఉన్నచోటనే లోతుగా కుళ్లి, పారతో తవ్వగలిగినంత మెత్తని ఎర్రమట్టిగా మారింది. శిలలోని పలుగురాతి చారలు మాత్రం కరగక అలాగే మిగిలాయి. బంగారం ఆ చారల్లోనే ఉండేది. కొండవాలు కోతకు గురైనప్పుడల్లా అది వాగుల గులకరాళ్లలోకి జారేది. పళ్లెం చేతబట్టి వచ్చిన మొదటి మనిషికి యంత్రం అవసరం లేకుండానే అది దొరికిందంటే కారణం ఈ నేల స్వభావమే. ఆ తరువాత జరిగినదంతా దాని నుంచే మొదలైంది.

శుక్రవారం

ఈ రోజంతా చెస్టటీ వెంబడి, తరువాత అరేరియా అనే పాత ఊరి దగ్గర గడిపాము. చెస్టటీ పెద్ద నదేమీ కాదు. వేసవిలో పిల్లలు రబ్బరు ట్యూబుల మీద తేలుతూ పోయే నది. కానీ 1819 ఒప్పందం తరువాత అది రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు అయింది. తూర్పు ఒడ్డు జార్జియాది, పడమటి ఒడ్డు చెరోకీ జాతిది. అప్పటికి చెరోకీలు నదీలోయల్లో మొక్కజొన్న పండించుకుంటూ, గుర్రాలనూ పశువులనూ పెంచుకుంటూ స్థిరంగా బతుకుతున్నారు. 1827లో వారు లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో తమ లిపిలో పత్రిక ప్రారంభించారు. సరిహద్దు అన్న మాటకు వారి దృష్టిలో పూర్తి అర్థం ఉంది.

బంగారాన్ని మొదట ఎవరు చూశారన్న దానిపై కథలు అనేకం. 1828లో జింకల వేటకు వచ్చిన బెంజమిన్ పార్క్స్ అనే యువకుడి కాలికి తగిలిందన్నది ఇక్కడ ఎక్కువగా వినిపించే కథ. అచ్చులో కనిపించే ఆధారం మాత్రం 1829 ఆగస్టు 1 నాటిది. ఆనాటి రాష్ట్ర రాజధాని మిల్లెడ్జ్‌విల్‌లోని పత్రిక ఒకటి, హేబర్‌షామ్ కౌంటీలో రెండు బంగారు గనులు కనుగొన్నారని ప్రకటించింది. ఆ సంవత్సరం ముగిసేలోపే వేలాది మంది చెస్టటీ దాటి పడమటి ఒడ్డున చొరబడ్డారు. చెరోకీలు దీనిని మహా చొరబాటు అని పిలిచారు. నా అభిప్రాయంలో ఇంతకన్నా సరైన పేరు లేదు. చరిత్ర పుస్తకాలు దీనికి పెట్టిన పేరు గోల్డ్ రష్. ఆ పేరు వింటే వచ్చినవారి ఉత్సాహమే కనబడుతుంది తప్ప, వారు అడుగుపెట్టిన ఇల్లు కనబడదు.

ఆపై జరిగినవాటిని తేదీల వరుసలో పెట్టి చూడకపోతే ఈ కౌంటీ పుట్టుక అర్థం కాదు. చెరోకీ నేల మీద తన చట్టాలే చెల్లుతాయని జార్జియా శాసనం చేసి 1830 జూన్ 1 నుంచి అమలు చేసింది. తెల్లవారి మీద కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు చెరోకీలకు లేకుండా పోయింది. తమ నేలలో తామే బంగారం తవ్వుకోకూడదన్న ఆంక్ష కూడా వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు, మే 28న, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసులను మిసిసిపీకి ఆవలికి తరలించే చట్టంపై సంతకం చేశాడు. 1832 మార్చి 3న అమెరికా సుప్రీంకోర్టు, చెరోకీ భూభాగంలో జార్జియా చట్టాలకు విలువ లేదని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరులో జార్జియా ఆ భూమిని లాటరీ వేసి పంచడం మొదలుపెట్టింది.

నాన్నగారు ఎక్కువసేపు ఆలోచించినది ఈ లాటరీ గురించే. చెరోకీ భూమిని మొత్తం సర్వే చేయించి, సాగునేలను 160 ఎకరాల లాట్లుగానూ, బంగారం ఉండవచ్చుననుకున్న ప్రాంతాన్ని 40 ఎకరాల లాట్లుగానూ విభజించారు. బంగారు లాట్లే సుమారు 35 వేలు. మిల్లెడ్జ్‌విల్‌లో ఒక పీపాలో పౌరుల పేర్ల చీటీలు, మరొక పీపాలో లాట్ల నంబర్ల చీటీలు వేసి తిప్పుతూ, 1832 అక్టోబరు నుంచి 1833 మే వరకు ఒక్కొక్కటిగా తీశారు. మా దగ్గరున్న పాత సర్వే పటం నకలు చూస్తూ నాన్నగారు వేలితో లెక్క వేశారు. "నలభై ఎకరాలంటే భుజానికి ఇరవై గొలుసులు. అరవై ఆరు అడుగుల గంటర్ గొలుసు. మేమూ మొదట్లో దాంతోనే కొలిచాం రా" అన్నారు. వాగులు, గుట్టలు, మనుషులు వేసుకున్న బాటలు, దున్నుకున్న పొలాలు వేటినీ లెక్కచేయకుండా గీతలు నేరుగా పోయాయి. కాసేపాగి ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఈ నాటికీ వదలలేదు. "అనుభవంలో ఉన్నవాళ్ల పేర్లు ఏ రికార్డులో రాశారు?"

చీటీల పీపాలో వారి పేర్లు లేవు. లాటరీలో పాల్గొనే హక్కు జార్జియా పౌరులకే ఉంది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక అవకాశాలు ఇచ్చారు. యుద్ధాల్లో పనిచేసినవారికి అదనపు చీటీలు ఇచ్చారు. తరతరాలుగా ఆ నేల మీద కాపురమున్న చెరోకీ కుటుంబానికి మాత్రం ఒక్క చీటీ కూడా లేదు. ఇదే ఎటోవా నది దిగువన కూసాగా మారే చోట చెరోకీల ప్రధాన నాయకుడు జాన్ రాస్ ఇల్లు ఉండేది. 1835లో ఆయన వాషింగ్టన్‌లో చర్చలు ముగించుకుని తిరిగి వచ్చేసరికి, లాటరీలో ఆ లాటు గెలిచినవారు ఆయన ఇంటిని స్వాధీనం చేసుకుని ఉన్నారు. నాయకుడికే ఆ గతి పట్టినప్పుడు, ఈ కొండవాగుల పక్కన పేరులేని రైతులకు ఏమి జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లాటరీ పీపాలు ఇంకా తిరుగుతుండగానే, 1832 డిసెంబరు 3న, చెరోకీ భూభాగాన్ని పది కౌంటీలుగా విడగొట్టారు. వాటిలో ఒకటైన ఈ కౌంటీకి అప్పటి గవర్నరు విల్సన్ లంప్‌కిన్ పేరు పెట్టారు. కాంగ్రెసు సభ్యుడిగా తరలింపు చట్టం కోసం గట్టిగా పనిచేసినవాడు, గవర్నరుగా లాటరీని నడిపించినవాడు ఆయనే. ఈ కౌంటీకి ఆయన పేరు అలంకారంగా పెట్టినది కాదు. ఈ కౌంటీ ఉనికికే ఆయన రాజకీయం కారణం.

మధ్యాహ్నం అరేరియాకు వెళ్లాము. ఎటోవా, చెస్టటీల మధ్య మిట్ట మీద 1832లో వెలసిన ఊరు ఇది. 1833 నాటికి వెయ్యిమంది దాకా జనం, పద్దెనిమిది ఇరవై దుకాణాలు, పన్నెండు పదిహేను వకీళ్ల కచేరీలు, నాలుగైదు పూటకూళ్ల ఇళ్లు, సొంత వారపత్రిక అన్నీ ఉండేవి. కొత్త ఊళ్లో దుకాణాలతో పోటీపడేంతమంది వకీళ్లు ఎందుకని నేను అంటే, నాన్నగారు వెంటనే "పట్టాల తగాదాలు రా" అన్నారు. నిజమే. ఒక లాటు గెలిచినవాడు చూడకుండానే అమ్మేవాడు, కొన్నవాడు వచ్చేసరికి మరొకడు తవ్వుతుండేవాడు. ఊరు వెలసిన లాటు హక్కు మీద కూడా వివాదం వచ్చింది. అందువల్లనే 1833లో కౌంటీ కేంద్రాన్ని ఆరు మైళ్ల దూరాన కొత్త స్థలానికి, అంటే నేటి డాలొనేగాకు, మార్చారు. దానితో అరేరియా క్షీణించింది. నేడు అక్కడ రోడ్డు పక్కన చారిత్రక ఫలకం, శిథిలమైన పాత చెక్క భవనం, చెట్ల మధ్య కొన్ని ఇళ్లు తప్ప మరేమీ లేవు.

శనివారం

డాలొనేగా వెలసిన చోటు ఒకటో సెక్షన్, పన్నెండో జిల్లా, 950వ లాటు. ఇప్పటికీ ఈ కౌంటీ భూమి దస్తావేజుల్లో లాటు నంబరు, జిల్లా, సెక్షన్ రాస్తారు. ఆ సంగతి చెప్పగానే నాన్నగారు మన సర్వే నంబర్లతో పోల్చుకుని సంతోషించారు. కాసేపటికి ఆయన ముఖం మారింది. 1832లో గీసిన గీతల మీదనే ఈనాటి క్రయవిక్రయాలు కూడా నడుస్తున్నాయన్నమాట.

ఊరి నడిమధ్య చదరంలో 1836లో కట్టిన ఇటుకల కోర్టు భవనం ఉంది. జార్జియాలో ఇంకా నిలిచి ఉన్న పాత కౌంటీ కోర్టు భవనాలలో ఇది ముఖ్యమైనది. ఇక్కడి మట్టితోనే కాల్చినందువల్ల ఆ ఇటుకల్లో కూడా బంగారపు జాడలు ఉన్నాయని పరీక్షల్లో తేలింది. 1960ల వరకు కోర్టుగా ఉన్న ఈ భవనం ఇప్పుడు బంగారం చరిత్రను తెలిపే ప్రదర్శనశాల. కింది అంతస్తులో బంగారు ముద్దలు, పనిముట్లు, నాణేలు ఉన్నాయి. పై అంతస్తు పాత న్యాయస్థానపు గది. చెక్క బల్లలు, ఎత్తైన కిటికీలు. లాట్ల హక్కుల మీద వాదప్రతివాదాలు విన్న ఊరి కోర్టు ఇదే. అక్కడ కూర్చున్నంతసేపూ, సాక్ష్యం చెప్పే హక్కు లేని మనిషికి ఈ గది ఏ విధంగా కనిపించి ఉంటుందన్న ఆలోచనే నాలో మెదిలింది.

ప్రదర్శనశాలలో నన్ను అన్నింటికన్నా ఎక్కువసేపు నిలబెట్టినవి ఇంగ్లీషు డి అక్షరం ముద్ర ఉన్న నాణేలు. బంగారాన్ని గుర్రాల మీద ఫిలడెల్ఫియా టంకశాలకు పంపడం కష్టమూ ప్రమాదమూ కాబట్టి, 1835 మార్చి 3 నాటి చట్టంతో కేంద్ర ప్రభుత్వం డాలొనేగా, షార్లట్, న్యూ ఆర్లీన్స్ పట్టణాల్లో శాఖా టంకశాలలు నెలకొల్పింది. డాలొనేగా టంకశాల 1838 నుంచి 1861 వరకు పనిచేసి, 60 లక్షల డాలర్లకు పైగా విలువైన బంగారు నాణేలు ముద్రించింది. అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రాష్ట్రాల సమాఖ్య దానిని స్వాధీనం చేసుకోవడంతో ముద్రణ ఆగిపోయింది.

ఇక్కడ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చదవాలని నా మనవి. 1835 డిసెంబరు 29న, అధికారం లేని కొద్దిమంది చెరోకీలతో వారి రాజధాని న్యూ ఎకోటాలో, నేలను వదులుకునే ఒప్పందం మీద సంతకాలు చేయించారు. జాన్ రాస్, ఆయన వెంట ఉన్న అధికసంఖ్యాకులు దానిని అంగీకరించలేదు. అయినా మరుసటి ఏడాది సెనేటు దానిని ఆమోదించింది. ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు 1838 మే నెలలో ముగిసింది. డాలొనేగా టంకశాల తన మొదటి అయిదు డాలర్ల నాణేలను ముద్రించినది 1838 ఏప్రిల్ 17న. జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సైనికులు జార్జియాలోని చెరోకీలను ఇళ్ల నుంచి పట్టి తేవడం మొదలుపెట్టినది మే 26న. రెండింటికీ మధ్య ఆరు వారాలైనా లేవు. ఆ నేలలో పుట్టిన బంగారానికి ప్రభుత్వ ముద్ర పడిన నెలల్లోనే, ఆ నేలవారిని ముందు శిబిరాలకు, అక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తోలారు. సుమారు 16 వేల మందిని తరలించారు. వారిలో 4 వేల మంది దాకా శిబిరాల్లో, దారిలో మరణించి ఉంటారన్నది విస్తృతంగా అంగీకరించిన అంచనా. లాటరీ జరిగినప్పుడు, కౌంటీ ఏర్పడినప్పుడు, కోర్టు కట్టినప్పుడు, టంకశాల తెరిచినప్పుడు వారు ఇంకా ఇక్కడే ఉన్నారు. వెళ్లిపోయినవారి ఖాళీ నేల మీద ఈ కౌంటీ వెలసిందన్న భావన తప్పని ఈ వరుసే చెబుతుంది.

సాయంత్రం విశ్వవిద్యాలయ ప్రాంగణానికి నడిచాము. టంకశాల భవనంలోనే 1873లో వ్యవసాయ కళాశాల తెరిచారు. మొదటి నుంచీ అక్కడ ఆడపిల్లలకు కూడా ప్రవేశం ఉండేది. 1878లో భవనం కాలిపోతే దాని పునాదుల మీదనే కొత్తది కట్టారు. ప్రైస్ మెమోరియల్ హాల్ అనే ఆ భవనపు శిఖరానికి స్థానిక బంగారంతో పూత ఉంది. అట్లాంటాలోని రాష్ట్ర శాసనసభ గుమ్మటానికి వేసిన బంగారపు పూత కూడా ఇక్కడి ప్రజలిచ్చినదే. 1958లో 43 ఔన్సుల బంగారాన్ని గుర్రపు బండ్ల మీద ఊరేగింపుగా రాజధానికి తీసుకువెళ్లారు.

ఆదివారం

ఊరికి దగ్గరలోనే ఉన్న పాత కన్సాలిడేటెడ్ గనిలోకి దిగాము. 1900 ప్రాంతంలో పెద్ద పెట్టుబడితో మొదలైన ఈ సంస్థ కొద్ది సంవత్సరాల్లోనే, 1906లో మూతపడింది. సొరంగంలో పలుగురాతి చార గోడ వెంట తెల్లగా ఎలా వంగి పోతుందో దీపం వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చార వెంటే మనుషులు తొలుచుకుంటూ పోయారు. మరొక గని ఆవరణలో వందేళ్లు దాటిన రాతి దంపుడు యంత్రం ఇంకా నడుస్తోంది. పది ఇనుప రోకళ్లు వరుసగా లేచి పడుతూ పలుగురాతిని పిండి చేస్తాయి. ఆ పిండిని నీటితో పారించి, పాదరసం పూసిన రాగి పలకల మీద బంగారాన్ని పట్టేవారు. ఆ పాదరసం కొంత వాగుల్లో కలిసిందనేది కూడా చరిత్రలో భాగమే.

అంతర్యుద్ధం తరువాత కొండల్లోంచి మైళ్ల కొద్దీ కాలువలు తవ్వి, ఆ నీటిని పెద్ద గొట్టాలతో కొండవాలు మీదికి చిమ్మి, మెత్తని ఎర్రమట్టిని రాతితో సహా మిల్లుల దాకా కడిగించారు. ఫిండ్లీ మిట్ట చుట్టూ చెట్లు మూసేసిన లోతైన కోతలు నాటి పనులవే.

తవ్వినవారు అందరూ తమకోసం తవ్వుకున్నవారు కాదు. దక్షిణ కెరొలైనాకు చెందిన రాజకీయ నాయకుడు జాన్ సి. కల్హూన్ వంటి పెద్దలు ఇక్కడ గనులు కొని బానిసలతో పనిచేయించారు. జేమ్స్ బాయిస్‌క్లేర్ అనే స్వతంత్ర నల్లజాతీయుడు తన పరిశీలనతో బంగారు చారను కనుగొన్నాడు. కానీ ఆనాటి చట్టం ప్రకారం తన పేరు మీద భూమి కొనలేక, తెల్లవారి సంరక్షకత్వంలో గనినీ దుకాణాన్నీ నడిపాడు. ఈయన గురించి వివరంగా చెప్పే ఫలకం మరింత పెద్దదిగా ఉండవలసింది.

1849లో కాలిఫోర్నియాలో బంగారం దొరికిందన్న వార్త వచ్చినప్పుడు టంకశాల పరీక్షాధికారి మాథ్యూ స్టీఫెన్సన్ కోర్టు దగ్గర నిలబడి, ఆ ఫిండ్లీ మిట్టలోనే లక్షలు ఉన్నాయి, వెళ్లవద్దని గనివారిని బతిమాలాడని ఊరివారు చెబుతారు. చాలామంది వెళ్లిపోయారు. బాయిస్‌క్లేర్ కూడా వెళ్లాడు. ఆ తరువాతి వలసలో అరేరియా ప్రాంతపు విలియం గ్రీన్ రస్సెల్ ముఖ్యుడు. ఆయన భార్యది చెరోకీ సంతతి. 1858లో ఆయన తన తమ్ముళ్లతో పడమటికి బయలుదేరినప్పుడు, ఇరవై ఏళ్ల కిందట జార్జియా నుంచి తరలించిన చెరోకీలలో కొందరు దారిలో ఆ బృందంతో కలిశారు. రాకీ పర్వతాల పాదాల దగ్గర వారు బంగారం కనుగొన్నారు. అక్కడ వెలసిన ఊరికి తమ పాత ఊరి పేరే, అరేరియా అనే పెట్టారు. 1860లో అది డెన్వర్ నగరంలో కలిసిపోయింది. రస్సెల్ తరువాత తన కుటుంబంతో చెరోకీలు స్థిరపడిన ఇండియన్ టెరిటరీకి వెళ్లి, 1877లో అక్కడే మరణించాడు.